పెండ్లి చేయించువా డెవడు?

ఇటీవల మా బంధువర్గములో నొక పెండ్లి జరిగినది. పురోహితుడు లేడు. వరునికి చిన్ననాట చదువు చెప్పిన యొక వృద్ధోపాధ్యాయుడు వధూవరులను నిలువబెట్టి, తెలుగులో నాలుగు మంచిమాటలు పలికి, వారిచే ప్రమాణము చేయించి, దండలు మార్పించెను. భోజనముల వేళ మా పెద్దత్తగారు మమ్ము ప్రక్కకు బిలిచి, "అంతయు ముచ్చటగనే యున్నది గాని నాయనా, రేపు కోర్టువారు దీనిని పెండ్లి యందురా?" యని యడిగిరి. అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆమె భర్తను గోల్పోయిన పిదప పింఛను కొఱకు ఒక కార్యాలయము చుట్టు రెండేండ్లు తిరిగినది. తాను ఫలానివాని భార్యనని రుజువు చూపుమనిరి. నలువదియేండ్లు కాపురము చేసిన యిల్లాలు రుజువెక్కడనుండి తెచ్చును? తుదకు పెండ్లి చేయించిన పురోహితుని కుమారుడు తన తండ్రి చేవ్రాతతోనున్న లగ్నపత్రికను పాతపెట్టెలోనుండి వెదకి తీసి యిచ్చిన తరువాతగాని పని నెరవేరలేదు. పురోహితుడు చదివిన మంత్రము లామెకు గుర్తులేవు. అతడు వ్రాసిన కాగిత మామెకు కూడు పెట్టినది.

కావున పెండ్లి చేయించు నధికార మెవరిది, అది యెట్లు చేతులు మారినది, సామాన్య పౌరుని చేతి కెప్పుడు వచ్చినది యను సంగతిని చదువరుల యెదుట నుంచుట యుచితమని తలచితిమి.

మన ధర్మశాస్త్రములు చూచినచో మొదట నొక వింత గోచరించును. వివాహమునకు కర్తలు పురోహితులు కారు. కన్యను దానము చేయువాడు తండ్రి. పాణిగ్రహణము చేయువాడు వరుడు. ఏడడుగులు నడచువారు వధూవరులు. ఏడవ యడుగుతో వివాహము స్థిరపడునని మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. పురోహితుడు మంత్రము నందించువాడు మాత్రమే. ఐనను మంత్రము సంస్కృతమున నుండుటచేతను, దానిని పలుకుట యొక వర్గమున కబ్బిన విద్య యగుటచేతను, అందించువాడే క్రమముగా అనుగ్రహించువా డయ్యెను. అనుగ్రహించువాడు నిరాకరింపను గలడు. పురోహితుని యసలు బల మీ నిరాకరణమునందే యున్నది.

ఈ బలము మన యాంధ్రదేశమున నెంతటిదో 1881 సంవత్సరమున రాజమహేంద్రవరము చూచినది. అంతకు ఇరువదియైదేండ్లకు ముందే, 1856లో, వితంతు పునర్వివాహ శాసనము వెలువడియుండెను. ఆ శాసనపు ఆరవ సెక్షను మిక్కిలి జాగ్రత్తగా వ్రాయబడినది. కన్యా వివాహమునకు ఏ మాటలు, ఏ కర్మలు చాలునో అవియే వితంతు వివాహమునకును చాలుననియు, అవి వితంతువునకు వర్తింపవను కారణముచే నా వివాహమును చెల్లదనరాదనియు అందున్నది. చట్టము త్రోవ తెఱచినది. ఆ త్రోవలో నడిపించువాడు మాత్రము దొరకలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించునప్పుడు పట్టణములో పుట్టిన యలజడి యందఱును వినినదే. కార్యమునకు సాయపడినవారిని వెలివేసిరి. వంటవారు, నీళ్లవారు రామనిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, తామే వంట చేసిన సంగతి తెలుగునాట కథగా నిలిచినది. ఇంగ్లీషు ప్రభుత్వము వివాహమును చెల్లించగలిగినది గాని, దానిని జరిపించుటకు ఒక్క పురోహితుని నైనను ఆజ్ఞాపింపజాలకపోయినది. ఆజ్ఞాపింపకపోవుటయే మేలని మా తలంపు; బలవంతముగా చదివించిన మంత్ర మెవరికి శుభము?

ఇట్టి యిబ్బందియే పశ్చిమతీరమున మఱియొక రూపము దాల్చినది. పూనాలో జ్యోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజమును స్థాపించి, బ్రాహ్మణ పురోహితుడు లేకయే పెండ్లిండ్లు జరుపుకొనుడని రైతులకు బోధించెను. మంగళాష్టకములను తానే మరాఠీలో రచించి యిచ్చెను. అక్కడి గ్రామజోషీలకు పౌరోహిత్యము వంశపారంపర్యపు హక్కు. పిలువకపోయినను తమ దక్షిణ తమకు రావలసినదే యని వారు వ్యాజ్యములు వేసిరి. చేయని పనికి కూలి యడుగుట నేటివారికి హాస్యాస్పదముగా నుండవచ్చును. ఆనాడు క్రింది న్యాయస్థానములలో నది గంభీరముగా చర్చింపబడిన విషయము. వివాదము బొంబాయి హైకోర్టు వఱకును సాగినది.

వంగదేశమున తగవు వేఱు విధముగా వచ్చినది. దేవేంద్రనాథ ఠాకూరుగారు 1861లో తమ కుమార్తె వివాహమును విగ్రహారాధనము లేని బ్రాహ్మపద్ధతిని జరిపిరి. కేశవచంద్ర సేనుగారి యనుచరు లింకను ముందునకు బోయి కులాంతర వివాహములు చేసికొనసాగిరి. అప్పుడొక సందేహము పుట్టినది: ఈ పెండ్లిండ్లు చట్టమున కెక్కునా? ప్రభుత్వ న్యాయవాది యెక్కవని యభిప్రాయ మిచ్చెను. హిందూకర్మలను విడిచితిరి గనుక హిందూ వివాహము కాదు. మఱియే మతపు శాసనమునకును లోబడరు గనుక మఱియొకటియు కాదు. బిడ్డలు పుట్టిన దంపతులు తాము దంపతులు కామని యొక న్యాయవాది కాగితముమీద చదువుకొనవలసి వచ్చిన దుఃస్థితి నూహింపుడు. కేశవచంద్రు డాందోళనము చేయగా, చాలకాలము వాదోపవాదములు నడచిన తరువాత 1872లో మూడవ యాక్టు పుట్టినది.

ఈ శాసనమున పురోహితుని పీఠము నధిష్ఠించినవాడు రిజిస్ట్రారు. పదునాలుగు దినముల ముందు నోటీసు, ఆ యధికారి యెదుటను ముగ్గురు సాక్షుల యెదుటను వధూవరు లొకరినొకరు చట్టసమ్మతమైన భార్యగా, భర్తగా గ్రహించుచున్నామని పలుకుట, అంతే. ఏ పద్ధతినైనను పెండ్లి చేసికొనవచ్చును, ఎవరిచేతనైనను ఆశీర్వచనము చేయించుకొనవచ్చును; కాని యా నాలుగు మాటలు మాత్రము రిజిస్ట్రారు చెవిని పడవలెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే దీనికి కట్టవలసిన సుంక మొకటి యుండెను. హిందువును కాను, క్రైస్తవుడను కాను, మహమ్మదీయుడను కాను అని వరుసగా మతముల నెల్ల నిరాకరించుచు వధూవరులు వాఙ్మూల మీయవలెను. సంస్కరణము కోరిన హిందువు తాను హిందువును కానని చెప్పిననే గాని పెండ్లికొడుకు కాలేడు! అబద్ధముతో గృహస్థాశ్రమమున ప్రవేశించుటకు మనస్సొప్పక వెనుదీసినవా రెందఱో. హరిసింగు గౌరుగారి కృషిచే 1923లో సవరణ వచ్చి, హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు మతమును విడువకయే యీ శాసనము క్రింద వివాహ మాడవచ్చు నయ్యెను. అప్పటికిని అవిభక్త కుటుంబమునుండి వేఱుపడుట తప్పలేదు. దత్తత చేసికొను హక్కును పోయినది.

ఆ 1872వ సంవత్సరముననే వెలువడిన మఱియొక శాసనము మన సంస్కర్తల దృష్టి నంతగా నాకర్షింపలేదు. అది క్రైస్తవ వివాహ శాసనము. దాని తొమ్మిదవ సెక్షను ప్రకారము ప్రభుత్వము ఏ క్రైస్తవునికైనను, పేరు పెట్టి గాని, అతడున్న పదవినిబట్టి గాని, దేశీయ క్రైస్తవుల వివాహములకు ధ్రువపత్ర మిచ్చుటకు లైసెన్సు నీయవచ్చును. అతడు దీక్ష పొందిన పాదిరి కానక్కరలేదు. ఆ లైసెన్సుదారుని యెదుటను, నమ్మదగిన యిద్దఱు సాక్షుల యెదుటను వధూవరులు దైవసాక్షిగా ప్రమాణము చేసిన చాలును. సామాన్య పౌరుడు ప్రభుత్వానుమతితో పెండ్లి చేయించుట యను పద్ధతి మన దేశమున నింత పాతది. హిందువులకు కొఱవడినది సరిగా నిట్టి యేర్పాటే. సిక్కులకు 1909లో ఆనంద వివాహ శాసనమును, ఆర్యసమాజమువారి వివాహములకు 1937లో వేఱొక శాసనమును వచ్చినవి గాని, ఇవి యాయా సమాజములలోని పద్ధతులను చెల్లుబాటు చేసినవే గాని, ప్రక్కయింటి పెద్దమనిషికి అధికార మిచ్చినవి కావు.

చట్టము కొఱకు వేచియుండక ముందడుగు వేసినవారు మనలోను లేకపోలేదు. కృష్ణామండలమున అంగలూరున 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు ఐర్లండునకు బోయి డబ్లినులో న్యాయశాస్త్రము చదివిన బారిష్టరు. తెనాలి పురపాలక సంఘమునకు అధ్యక్షులుగా నుండినవారు. అట్టివారు "వివాహవిధి" యని పెండ్లితంతును తెలుగున రచించి, తామే పీటలయొద్ద గూర్చుండి యెన్నియో పెండ్లిండ్లు చేయించిరి. వధూవరులకు తాము చేయు ప్రతిజ్ఞ తమకు తెలియవలెననునది వారి పట్టు. ఈ వివాహములందు కొందఱు గమనింపని విశేష మొకటి గలదు. చౌదరిగారు తంతును ఎత్తివేయలేదు, దానిని తెనిగించిరి. న్యాయవాది యగుటచే, కర్మ యొక్కటియు లేని పెండ్లిని న్యాయస్థానము పెండ్లి యనదని వారికి తెలియకపోదు. ఇది మా యూహ మాత్రమే. కాని తరువాత జరిగిన చరిత్ర యీ యూహకు బలము నిచ్చుచున్నది.

ఆ చరిత్ర తమిళదేశమునది. పెరియారు రామస్వామి నాయకరుగారి నాయకత్వమున 1920ల కడపట స్వాభిమాన వివాహము లారంభమైనవి. పురోహితుడు లేడు, అగ్నిహోత్రము లేదు, సప్తపది లేదు. ముహూర్తమును కూడ పనిగట్టుకొని వదలిన సందర్భములు గలవు. ఊరి పెద్ద యొకడో, ఉద్యమ నాయకు డొకడో అధ్యక్షత వహించును, వధూవరులు ప్రమాణము చేసి దండలు మార్చుకొందురు, తరువాత నుపన్యాసములు. వేలకొలది పెండ్లిండ్లు జరిగినవి. 1953లో ఒక వ్యాజ్యము మద్రాసు హైకోర్టునకు వచ్చినది. దాదాపు ఇరువదియేండ్ల క్రిందట జరిగిన యట్టి వివాహము చెల్లునా యని ప్రశ్న. చెల్లదని తీర్పు. ఆచారమునకు ప్రాచీనత యుండవలెను. ఒక సంఘము కూడుకొని నిన్నమొన్న కల్పించిన పద్ధతిని ఆచార మనరాదు. శాస్త్రీయ కర్మయు లేదు, ప్రాచీనాచారమును లేదు. కావున వివాహమే లేదు. తర్కమునకు లోటు లేదు. కాని యా తర్కము వ్రేటు పడిన దెవరిమీద? ఉపన్యసించిన నాయకునిమీద కాదు. దండ వేసిన పురుషునిమీద నైనను అంతగా కాదు. ఆ యిల్లాండ్రమీద, వారి బిడ్డలమీద. సంస్కరణమును నమ్మి పీటలమీద గూర్చున్న స్త్రీ ఒక్క ప్రొద్దులో భార్య కానిదయ్యెను.

1955 నాటి హిందూ వివాహ శాసనము దీనిని సరిదిద్దలేదు. దాని యేడవ సెక్షను వధూవరులలో నొకరి వర్గపు ఆచారకర్మలచొప్పున వివాహము జరుగవలె ననుచున్నది. ఆ యాచారమున సప్తపది యున్నయెడల ఏడవ యడుగుతో పూర్తియగు ననుచున్నది. పురోహితుని మాట యందెక్కడను లేదు. కాని ఆచారకర్మ యను మాట యున్నది. కొత్తగా పుట్టిన పద్ధతికి చిక్కంతయు నక్కడనే. ఈ చిక్కును పురుషు లెట్లు వాడుకొందురో 1965లో సుప్రీముకోర్టు తీర్పొకటి చూపినది. భార్య యుండగా రెండవ పెండ్లి చేసికొన్న మహారాష్ట్రుడొకడు, ఆ రెండవదానికి కావలసిన కర్మలు జరుగలేదు గనుక అది పెండ్లియే కాదని వాదించి శిక్ష తప్పించుకొనెను. కర్మలోపము మొదటి యిల్లాలికిని అక్కఱకు రాదు, రెండవ యామెకును అక్కఱకు రాదు. ఇద్దఱిని వంచించినవానికి మాత్రము అక్కఱకు వచ్చును.

1967లో అన్నాదురైగారు ముఖ్యమంత్రియైన పిదప మద్రాసు శాసనసభ హిందూ వివాహ శాసనమునకు ఏడు-ఏ యను సెక్షనును చేర్చెను. రాష్ట్రపతి యామోదముతో 1968 జనవరిలో నది యమలునకు వచ్చినది. దాని పాఠము చిన్నది, పని గొప్పది. బంధువులు, మిత్రులు, లేక ఇతర వ్యక్తుల సమక్షమున వధూవరులు తమకు తెలిసిన యే భాషలోనైనను ఒకరి నొకరు భార్యాభర్తలుగా గ్రహించితిమని ప్రకటించుట యైనను, దండలు మార్చుకొనుట లేక యుంగరము తొడుగుట యైనను, తాళి కట్టుట యైనను చాలును. అంతకుముందు జరిగిన స్వాభిమాన వివాహములును జరిగిన నాటినుండియే చెల్లునవి యయ్యెను. "ఇతర వ్యక్తు"లను ఆ రెండు మాటలను చదువరులు మఱియొక మాఱు చూడవలెను. లైసెన్సు లేదు, పదవి లేదు, మతము లేదు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మిత్రునిచే పెండ్లి చేయించుకొనగోరువారు గవర్నరునకు దరఖాస్తు పెట్టి, ఆ మిత్రునికి ఆ యొక్క దినమునకు, ఆ యొక్క వివాహమునకు మాత్రమే యధికారము తెప్పించుకొందురు. అక్కడ పౌరునికి అనుమతి యిత్తురు. తమిళనాట అనుమతి యను మాటయే తీసివేసిరి. పెండ్లి చేయించువాడు అక్కడ సాక్షి మాత్రమే.

ఈ సెక్షను స్త్రీకి మేలా కీడా యని శంకించినవారికి 2001లో సుప్రీముకోర్టు సమాధాన మిచ్చినది. భార్యను విడిచి మఱియొకతెను పెండ్లాడిన తమిళు డొకడు, రెండవ పెండ్లిలో సప్తపది జరుగలేదు గనుక తాను నిర్దోషి నని పాతపాటనే పాడెను. ఏడు-ఏ సెక్షను ప్రకారము సప్తపది యవసరము కాదనియు, తాళి కట్టితివి గనుక నది పెండ్లియే యనియు, నేరము చేసితి వనియు న్యాయస్థానము పలికినది. కర్మను సులభము చేసిన శాసనము తప్పించుకొను త్రోవను మూసినది.

మఱికొంత కాలమునకు వేఱు ప్రశ్న తల యెత్తినది. తల్లిదండ్రులకు జడిసి పాఱిపోయి వచ్చిన జంటలకు న్యాయవాదులు తమ గదులలోనే పెండ్లిండ్లు చేయించి ధ్రువపత్రము లిచ్చుచుండిరి. రహస్యముగా జరుగు నట్టి తంతు వివాహము కాదని మద్రాసు హైకోర్టు 2014లో తీర్పు చెప్పెను. 2023 ఆగస్టులో సుప్రీముకోర్టు దానిని త్రోసివేసెను. ప్రాణభయముతో వచ్చినవారిని నలుగురిలో చాటుకొనుమనుట వారి ప్రాణములకే ముప్పు కావచ్చుననియు, న్యాయవాది తన వృత్తిహోదాతో గాక మిత్రుడుగనో బంధువుగనో సాక్షిగా నిలిచినచో తప్పు లేదనియు తీర్మానించెను. 1881లో రాజమహేంద్రవరమున పెండ్లిపందిరికి కాపలా కావలసి వచ్చిన సంగతి తలచినపుడు, నూట నలువదియేండ్లకు తరువాతను పెండ్లికి రక్షణ మడుగు జంట లుండుట మనకు సిగ్గుచేటు.

తెలుగునాటి మాట యేమి? ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఇట్టి సెక్షను చేర్చబడలేదు. పుదుచ్చేరి శాసనసభ 1971లో తమిళనాటి మాదిరిని గైకొనినది. మన గోదావరి యొడ్డుననున్న యానాము ఆ ప్రభుత్వపు టేలుబడిలోనిదే. ఒకే నది, ఒకే భాష, ఒకే పెండ్లిపాట. పొలిమేర దాటినంతనే చట్టము మాఱును! ఇక్కడ పురోహితుడు లేకుండ, మిత్రునిచేత పెండ్లి చేయించుకొనగోరు జంటకు నిరపాయమైన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ శాసనమే. 1872 నాటిదాని స్థానమున వచ్చిన యీ శాసనమున మతనిరాకరణము లేదు. ఎవరు చేయించినను, ఏ పద్ధతిని చేయించినను సరియే. వివాహాధికారి యెదుటను ముగ్గురు సాక్షుల యెదుటను ఆ ప్రమాణవాక్యము పలుకవలెను. నోటీసు మాత్రము పదునాలుగు దినములనుండి ముప్పది దినముల కెక్కినది. దానిని కార్యాలయపు గోడ కంటింతురు. ఎవడైనను వచ్చి యాక్షేపింపవచ్చును. పురోహితుని నిరాకరణమును దాటివచ్చిన జంటకు ఆ గోడ కాగిత మింకొక గండము.

రిజిస్టరు చేయించిన చాలునుగదా యని కొందఱందురు. హిందూ వివాహ శాసనము క్రింద అది చాలదు. తంతు జరుగనిదే ధ్రువపత్ర మొక్కటియే వివాహము కాజాలదని సుప్రీముకోర్టు 2024లో స్పష్టము చేసినది. తంతు లేక కాగిత ముండుట యొక చిక్కు. కాగితము లేక తంతుండుట మఱియొక చిక్కు. మా పెద్దత్తగా రనుభవించినది రెండవది.

ఆ సాయంత్ర మామెకు మే మీ కథ యంతయు చెప్పలేదు. ఆ పిల్ల లిద్దఱును నెలనాళ్ల ముందే నోటీసిచ్చి, ఆ యుదయమే వివాహాధికారి యొద్ద ముగ్గురు సాక్షులతో సంతకములు చేసి వచ్చిరనియు, మాస్టరుగారు చేయించినది మన ముచ్చట కొఱకే యనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు యోచించి, "ఆ ముగ్గురిలో చిన్నవా రెవరైన నున్నారా, అందఱును మీ యీడువారేనా?" యని యడిగిరి.